రెండు వేల రూపాయల డీవీడీ ప్లేయర్‌లో వీణ ఎలా పలుకుతుంది?

మా నాన్నగారి దగ్గర మూడు వందల పైచిలుకు ఆడియో సీడీలున్నాయి. సగానికి పైగా కర్ణాటక సంగీతం, అందులోనూ వీణ ఎక్కువ, తర్వాత ఘంటసాల పాటలు, కొన్ని హరికథలు, ఆకాశవాణి వాళ్లు తమ ఆర్కైవ్స్ నుంచి తీసి అమ్మిన పాత కచేరీలు. ఇరవై ఏళ్లుగా వాటిని పాడించిన సీడీ ప్లేయర్ పోయిన దసరా ముందు మొరాయించింది. డిస్కు పెడితే కాసేపు గిర్రున తిరిగి 'నో డిస్క్' అని చూపించడం, మళ్లీ పెడితే మళ్లీ అదే. కోఠీలో గుజరాతీ గల్లీకి మోసుకెళ్తే అక్కడ రిపేరు చేసే ఆయన విప్పి చూసి, లెన్స్ అయిపోయిందండీ, దీనికి లెన్స్ రావడం మానేసి చాలా కాలమైంది అన్నాడు. మంచి సీడీ ప్లేయర్ కొత్తది కొనాలంటే ఇప్పుడు పదుల వేలల్లో ఉంది. నాన్న "అంత డబ్బు తగలెయ్యకురా, ఏదో ఒకటి తెచ్చి పెట్టు, పాడితే చాలు" అన్నారు. పాడితే చాలదు ఆయనకి. వీణ వింటూ ఇది పంచమ తీగ, ఇది మంద్ర తీగ అని కళ్లు మూసుకుని చెప్పే మనిషి.

అదే గల్లీలో రెండు వేలకు కొంచెం తక్కువలో ఒక డీవీడీ ప్లేయర్ కొన్నాను. ఆర్నెల్లు వాడాను, వాడినన్నాళ్లూ దాని సౌండు మీద నాకు తోచిన పరీక్షలన్నీ పెట్టాను. బ్రాండ్ పేరు రాయడం లేదు, రాసినా మీకు ఉపయోగం తక్కువ, ఎందుకంటే ఈ ధరలో దొరికే వాటిలో చాలావరకు లోపలి సరుకు ఇంచుమించు ఒకటే, పైన పేరూ ముందు పలకా మారతాయి. నేను చెప్పేది మీరు కొనబోయే దానికీ చాలా మటుకు సరిపోతుంది. మా ఇంట్లో మిగతా సామాను పాత స్టీరియో యాంప్లిఫయర్ ఒకటి, కలకత్తా కంపెనీ సోనోడైన్ వాళ్ల స్పీకర్లు రెండు. ఇవి గొప్ప ఖరీదైనవి కావు కానీ తప్పుంటే దాచవు. టీవీ స్పీకర్లలోనే వినేవాళ్లకి ఈ రివ్యూతో పెద్ద పని లేదు, అక్కడ ఏ ప్లేయర్ పెట్టినా తేడా బయటపడదు.

మొదటి రోజు సాయంత్రం సౌండు వచ్చే ఎర్ర తెల్ల పిన్నులు యాంప్లిఫయర్‌కి గుచ్చి, బొమ్మ వచ్చే పసుపు పిన్ను టీవీకి పెట్టి, ఈమని శంకరశాస్త్రి గారి వీణ సీడీ వేశాను. నాన్న పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఏమిట్రా, వీణ గోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టుంది" అన్నారు. దానికి తోడు వెనకాల సన్నగా గుయ్యిమని ఒక మోత, సంగీతం ఆగిన చోటల్లా అది ముందుకొచ్చేస్తోంది. ఆ రాత్రి నాకు నిజంగా బాధేసింది, మర్నాడు తిరిగి ఇచ్చేద్దామనే అనుకున్నాను. ఇవ్వకపోవడమే మంచిదైంది, ఎందుకంటే ఆ మొదటి రోజు విన్న చెడ్డ సౌండులో సగం ప్లేయర్ తప్పు కాదు.

ముందు ఆ గుయ్యిమనే మోత సంగతి. టీవీకి కేబుల్ కనెక్షన్ వైరు ఉంది, ఆ వైరు ఎక్కడో వీధిలో ఎర్త్ అయి వస్తుంది, యాంప్లిఫయరేమో మన గోడ ప్లగ్గులో ఎర్త్ అవుతుంది, ఆ రెండింటికీ మధ్య ఉన్న కొద్దిపాటి తేడా ప్లేయర్ పిన్నుల మీదుగా ప్రవహించి స్పీకర్లో 50 హెర్ట్జ్ మోతగా వినిపిస్తుంది. టీవీ వెనక కేబుల్ వైరు పీకగానే స్విచ్ ఆపినట్టు ఆగిపోయింది. మీకు ఇలాంటి మోత వస్తే ప్లేయర్‌ని తిట్టే ముందు టీవీకి వెళ్లే పిన్నులన్నీ తీసేసి ఒకసారి వినండి. మెనూలో సెట్టింగులు మార్చుకోవడానికి టీవీ కావాలి గానీ పాటలు వినడానికి అక్కర్లేదు కదా. మేం ఇప్పుడు పసుపు పిన్ను శాశ్వతంగా తీసేశాం.

తర్వాత సెట్టింగులు. ఇది డబ్బాలోంచి తీసినప్పుడే ఈక్వలైజర్ 'రాక్' అనే దాని మీద ఉంది, 3డి సౌండ్ అనేది ఆన్‌లో ఉంది. వీణని ఈ రెండూ కలిసి ఏం చేస్తాయో ఊహించుకోండి, బేస్ ఉబ్బిపోయి, మధ్యలో ఉండాల్సిన తీగ పలుకు పక్కలకి జరిగిపోయి, గది గదంతా వీణే అన్నట్టు, ఎక్కడా వీణ లేనట్టు. రెండూ ఆఫ్ చేశాను. ముందు భాగంలో కరోకే కోసమని మైక్ సాకెట్ ఉంది, దాని వాల్యూమ్ మెనూలో సగం మీద పెట్టి ఉంది. మైక్ పెట్టకపోయినా ఆ మైక్ సర్క్యూట్ తన బుస్సుమనే శబ్దాన్ని పాటలో కలుపుతూనే ఉంటుంది, దాన్ని సున్నాకి తెస్తే తంబుర వెనక నిశ్శబ్దం స్పష్టంగా పెరిగింది. ఇక రిమోట్‌లో వాల్యూమ్ బటన్. దాన్ని ఎప్పుడూ పూర్తిగా పెట్టేసి, తగ్గించుకోవడం పెంచుకోవడం యాంప్లిఫయర్ దగ్గర చేసుకోవాలి. ప్లేయర్‌లో తగ్గిస్తే అది అంకెల్లోనే తగ్గిస్తుంది, చిన్న చిన్న వివరాలు అక్కడే పోతాయి.

ఈ మూడూ చేశాక నాన్నని మళ్లీ కూర్చోబెట్టాను. గోడ అవతలి వీణ గుమ్మం దాకా వచ్చిందన్నారు. లోపలికి మాత్రం రాలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సీడీలో ఉన్నది అంకెలు. సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ప్రతి కొలతకీ 16 బిట్లు, రెండు ఛానెళ్లు, మొత్తం సెకనుకి 14,11,200 బిట్లు. 1982 అక్టోబర్ 1న జపాన్‌లో సోనీ తన మొదటి సీడీ ప్లేయర్‌ని 1,68,000 యెన్‌లకి అమ్మినప్పుడూ డిస్కు మీద ఉన్నవి ఈ అంకెలే, ఇవాళ రెండు వేల ప్లేయర్ చదివేవీ ఆ అంకెలే. అదే కాలంలో ఫిలిప్స్ వాళ్లు 14 బిట్ల చిప్పుతోనే, ఉన్న అంకెల మధ్య మరిన్ని అంకెలు లెక్కగట్టి చేర్చే నాలుగు రెట్లు ఓవర్‌శాంప్లింగ్ అనే ఉపాయం జోడించి, 16 బిట్ల సీడీని పాడించారు. అంకెలు చదవడం అనే పని ఇన్నేళ్లలో చాలా చవకైపోయింది, ఆ భాగంలో ఈ ప్లేయర్ ఎక్కడా తడబడదు. తడబడేది అంకెలు మళ్లీ కరెంటుగా మారి పిన్నుల్లోకి వచ్చే ఆఖరి అంగుళంలో. ఈ సంగతి నాకు మొదట్లో నమ్మకంగా తెలియదు, విని విని తేల్చుకున్నాను, ఎలా తేల్చుకున్నానో చెప్తాను.

మా స్నేహితుడి దగ్గర బాగా పనిచేసే మంచి సీడీ ప్లేయర్ ఒకటి ఉంది, వారం రోజులకి అడిగి తెచ్చుకున్నాను. వీణ సీడీకి ఒక కాపీ రాసి, రెండు ప్లేయర్లలో రెండు డిస్కులు పెట్టి, ఒకేసారి ప్లే నొక్కి, యాంప్లిఫయర్ సెలెక్టర్‌తో అటూ ఇటూ మార్చుతూ విన్నాం. స్నేహితుడి ప్లేయర్ ముందు మనది తేలిపోయింది, ఇంట్లో అందరూ అదే మాట. అయితే నాకు అనుమానం వచ్చి 400 హెర్ట్జ్ టోన్ ఒకటి సీడీలో రాసి, రెండింటి పిన్నుల దగ్గరా మల్టీమీటర్ పెట్టి చూశాను. ఆయనది 2 వోల్టులు ఇస్తోంది, మనది 1.4. అంటే మూడు డెసిబెల్స్ తక్కువ. ఇదే ఈ రకం పోలికల్లో చాలామంది పడే బుట్ట. కొంచెం గట్టిగా వినిపించేది మన చెవికి గట్టిగా ఉందని తోచదు, బాగుందని తోస్తుంది. షాపులో రెండు ప్లేయర్లు పక్కపక్కన పెట్టి వినిపించినప్పుడు మీకు నచ్చింది సౌండు నాణ్యతో, దాని గట్టితనమో తెలియదు. అప్పటి నుంచి సెలెక్టర్ మార్చినప్పుడల్లా వాల్యూమ్ కూడా టోన్‌తో గుర్తు పెట్టుకున్న గీత దగ్గరికి తిప్పుతూ విన్నాం.

వాల్యూమ్ సమానం చేశాక తేడా సగానికి సగం తగ్గింది. మిగిలిన సగం మాత్రం నిజమైన తేడా, అది నేను ఎన్నిసార్లు విన్నా అక్కడే ఉంది.

వీణకి ఏడు తీగలు. నాలుగు వాయించేవి, సారణి, పంచమ, మంద్ర, అనుమంద్ర. పక్కన తాళానికి మూడు. మీ దగ్గర ఒక మంచి వీణ రికార్డింగ్ ఉంటే ప్లేయర్‌ని పరీక్షించడానికి ఇంకో డిస్కు అక్కర్లేదు. ముందు అనుమంద్ర తీగ మీటినప్పుడు వినండి. మంచి ప్లేయర్‌లో ముందు గోటి దెబ్బ, వెంటనే కుండ లోపలి గుండ్రటి మోత, ఆ మోత నెమ్మదిగా సన్నబడుతూ పోవడం, ఈ మూడూ విడివిడిగా తెలుస్తాయి. మన ప్లేయర్ ఎర్ర తెల్ల పిన్నుల్లోంచి దెబ్బ వస్తోంది, మోత వస్తోంది, కానీ మోతకి అడుగు లేదు, గిన్నె బోర్లించి కొట్టినట్టు. తర్వాత సారణి మీద ఒకే మీటుతో నాలుగైదు స్వరాలు లాగే గమకం ఉంటుంది చూడండి, అందులో చివరి స్వరం చాలా సన్నగా, దాదాపు ఊపిరిలా ఉంటుంది. నాన్న చెవి అక్కడే ఉంటుంది. ఆ చివరి స్వరం ఇందులో ఒక పొర వెనక ఉంది, ఉందని తెలుస్తుంది కానీ ఎక్కడ ఆగిందో తెలియదు. తాళం తీగల ఝణక్ మాత్రం బాగానే ఉంది, కొంచెం పదును ఎక్కువ కూడా, అరగంట దాటితే చెవికి అలసట.

మృదంగం దగ్గరా అదే కథ. కుడి వైపు దెబ్బలు ముత్యాల్లా వస్తున్నాయి, ఎడమ వైపు గుంకి మొద్దుబారింది.

ఘంటసాల పాటలతో ఇంకో పరీక్ష చేయొచ్చు, తెలుగువాళ్లందరి ఇళ్లల్లో ఉండే సీడీలే కాబట్టి చెప్తున్నాను. ఆయన 1974లో పోయారు, ఆ పాటలు చాలావరకు మోనోలో రికార్డయినవి, సీడీలో రెండు ఛానెళ్లలోనూ ఉండేది ఒకటే. అంటే రెండు స్పీకర్ల మధ్య కూర్చుంటే గొంతు సరిగ్గా నడుమ నిలబడాలి, అక్కడ ఎవరో మనిషి ఉన్నట్టు. అది ఎడమకో కుడికో జరిగితే ప్లేయర్‌లో ఒక ఛానెల్ బలహీనంగా ఉన్నట్టు. ఎర్ర తెల్ల పిన్నులు మార్చి గుచ్చి చూడండి, గొంతు అటు నుంచి ఇటు మారితే తప్పు ప్లేయర్‌ది, మారకపోతే యాంప్లిఫయర్‌దో స్పీకర్‌దో. మా ప్లేయర్ ఈ పరీక్షలో శుభ్రంగా నిలబడింది, గొంతు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. పాత టేపుల్లో ఉండే బుస్సుమనే శబ్దం వినిపిస్తే దానికి ప్లేయర్‌ని నిందించకండి, అది అసలు రికార్డులోనే ఉంది, నిజానికి ఆ బుస కూడా సాఫీగా, ఇసుక జారినట్టు వినిపిస్తే ప్లేయర్ పైస్థాయి బాగున్నట్టు లెక్క.

ఇంతకీ ఆ బేస్ ఎందుకు తగ్గింది? పాత ప్లేయర్ విప్పిన రిపేరాయన దగ్గరికే దీన్నీ తీసుకెళ్లాను. మూత తీస్తే డబ్బాలో ముప్పావు వంతు ఖాళీ. డిస్కు తిప్పే భాగం ఒకటి, చిన్న పవర్ సప్లై పలక ఒకటి, అరచేతంత మెయిన్ బోర్డు. ఆ బోర్డు మీద ఒకే ఒక పెద్ద చిప్పు, బొమ్మ పనీ అదే చేస్తుంది, సౌండు పనీ అదే చేస్తుంది. అక్కడి నుంచి ఎర్ర తెల్ల పిన్నుల దాకా వచ్చే దారిలో రెండు బుల్లి కెపాసిటర్లు, మిరియం గింజంత. ఆయన వేలు పెట్టి చూపించాడు, "సార్, మీ బేస్ ఇక్కడ ఆగిపోతోంది" అని. కెపాసిటర్ ఎంత చిన్నదైతే కింది స్థాయి శబ్దాన్ని అంతగా ఆపేస్తుంది, ఇది మామూలు విద్యుత్ సూత్రమే. కంపెనీవాళ్లు ఒక్క రూపాయి ఆదా చేసిన చోట మన అనుమంద్రం పోయింది. మారుస్తానన్నాడు, వారంటీ పోతుందని వద్దన్నాను. దానికి ఆయన చెప్పిన ఇంకో దారే ఈ రివ్యూ రాయడానికి కారణం.

వెనక వైపు నారింజ రంగు గుండ్రటి రంధ్రం ఒకటి ఉంటుంది, 'కోయాక్సియల్' అని రాసి. చాలామంది దాన్ని ఎప్పుడూ ముట్టుకోరు. అందులోంచి బయటికొచ్చేది కరెంటుగా మారిన సంగీతం కాదు, డిస్కు మీది అంకెలే. ఆ అంకెల్ని బయట ఒక చిన్న డాక్ (డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టర్) పెట్టెలోకి పంపి, అక్కడ సంగీతంగా మార్చి యాంప్లిఫయర్‌కి ఇస్తే ప్లేయర్ లోపలి చవక భాగమంతా దారిలో లేకుండా పోతుంది. అగ్గిపెట్టెకి రెండింతలుండే పెట్టె, మామూలువి ఐదారు వందలకే దొరుకుతాయి. నేను కొంచెం మంచిది, పదిహేను వందల్లో తీసుకున్నాను, దాని మీద ఏ లెక్కన అంకెలు వస్తున్నాయో చూపించే లైట్లు ఉన్నాయి. కొన్ని చవక ప్లేయర్లు సీడీ అంకెల్ని కూడా డీవీడీ లెక్కకి, అంటే 48 కిలోహెర్ట్జ్‌కి మార్చి పంపుతాయి, ఆ మార్చడంలో కొంత నలుగుతుంది. మా దాంట్లో సీడీ పెట్టగానే 44.1 లైటే వెలిగింది. ఆ చిన్న పచ్చ లైటు చూసి నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. సెట్టింగుల్లో డిజిటల్ అవుట్ దగ్గర 'పీసీఎం' అని పెట్టుకోవడం మర్చిపోవద్దు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఒకవైపు స్నేహితుడి ప్లేయర్, ఇంకోవైపు మన ప్లేయర్ డాక్‌తో, వాల్యూమ్ టోన్‌తో సమానం చేసి, నాన్న అటు తిరిగి కూర్చున్నారు, మా ఆవిడ కాగితం మీద రాసుకున్న వరుసలో సెలెక్టర్ తిప్పింది, నేను గదిలోంచి బయటికి వెళ్లిపోయాను, నా మొహం చూసి ఎవరూ కనిపెట్టకుండా. ఇంతకు ముందు ఎర్ర తెల్ల పిన్నులతో ఇలాగే చేసినప్పుడు నాన్న పదిలో తొమ్మిదిసార్లు మన ప్లేయర్‌ని పట్టేసుకున్నారు. ఈసారి పదిలో ఐదు. అంటే బొమ్మాబొరుసు వేసినట్టే. ఆరోసారి దగ్గర ఆయన "ఇది ఖరీదైనది, అనుమంద్రం చూడు ఎలా ఊగుతోందో" అన్నారట, అది మన రెండు వేలదే. ప్లేయరూ డాకూ వైరూ కలిపి నాలుగు వేల లోపు అయింది. ఇందులో వీణ మా ఇంటి లోపలికి వచ్చి కూర్చుంది.

దీన్ని బట్టి నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, ఎర్ర తెల్ల పిన్నులతోనే వాడేట్టయితే ఈ ప్లేయర్‌కి సౌండులో పదికి ఐదు మార్కులు, సినిమా పాటలకీ భజనలకీ పర్వాలేదు, శాస్త్రీయ సంగీతానికి చాలదు. కోయాక్సియల్‌తో వాడితే ఎనిమిదిన్నర. కోయాక్సియల్ రంధ్రం లేకుండా వంద రూపాయలు తక్కువకి వచ్చే మోడళ్లు కూడా అదే షెల్ఫులో ఉంటాయి, ఆ వంద మిగుల్చుకోకండి.

గీతలు పడ్డ డిస్కుల విషయంలో ఇది నన్ను ఆశ్చర్యపరిచింది. నాన్న సీడీల్లో ఓ ఇరవై పాత ప్లేయర్‌లో టిక్కు టిక్కుమని ఆగిపోయేవి, ఇందులో పద్దెనిమిది ఆగకుండా పాడాయి. సీడీ మీద అంకెలు ఒకచోట కుప్పగా ఉండవు, దూరదూరంగా చల్లి, తప్పులు సరిదిద్దుకునే అదనపు అంకెలతో కలిపి రాసి ఉంటాయి, అందుకే చిన్న గీత ఒక ముక్కని మింగేసినా ప్లేయర్ దాన్ని తిరిగి లెక్కగట్టుకోగలదు. అయినా తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పుతూ తుడిస్తే పడే గీత పాట వెంబడే పోతుంది, అది సరిదిద్దుకోవడం కష్టం. బొమ్మ ఉన్న పై వైపు గీత పడటం ఇంకా ప్రమాదం, ఎందుకంటే మెరిసే పొర ఆ రంగు కిందే ఉంటుంది, అది లేచిపోతే అక్కడి సంగీతం పోయినట్టే.

షాపులో కొనేటప్పుడు మీ ఇంటి సీడీ ఒకటి, ఇంట్లో రాసుకున్న సీడీ ఒకటి పట్టుకెళ్లండి. వాళ్లు డీవీడీ పెట్టి బొమ్మ చూపించి పంపిస్తారు. డీవీడీ చదివేది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్, సీడీ చదివేది 780 నానోమీటర్ల లేజర్, రెండూ వేరు, ఒకటి బాగున్నంత మాత్రాన రెండోది బాగున్నట్టు కాదు. నేను మొదట తెచ్చినది సరిగ్గా ఇలాగే, డీవీడీలు బ్రహ్మాండంగా ఆడింది, నాన్న క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న సీడీలు ఒక్కటీ తీసుకోలేదు. షాపువాళ్లు ముందు "మీ డిస్కులే బాలేవు" అని వాదించారు, అక్కడే ఇంకో పీసు తెరిపించి పాడించాక మార్చి ఇచ్చారు. ఆ వాదనలో పోయిన రెండు గంటలు మీకు మిగలాలని రాస్తున్నాను.

ఎంపీ3 సీడీల గురించి రెండు ముక్కలు. ఒకే డిస్కులో నూట యాభై పాటలని అమ్మేవి మా ఇంట్లోనూ ఉన్నాయి. అవి ఎక్కువగా 128 కేబీపీఎస్‌లో, అంటే సెకనుకి 1,28,000 బిట్లతో ఉంటాయి, అంటే అసలు సీడీలో ఉండే అంకెల్లో పదకొండో వంతు. వాటిలో తంబుర నీళ్లలో మునిగినట్టు గలగలలాడుతుంది, ఏ ప్లేయరూ దాన్ని బాగు చేయలేదు. వాటితో మాత్రం ప్లేయర్ సౌండుని అంచనా వేయకండి.

మిగతావి త్వరగా. డిస్కు తిరిగే చప్పుడు మూడడుగుల దూరంలో వినిపించదు, తెల్లవారుజామున నిశ్శబ్దంలో మాత్రం దగ్గరికెళ్తే సన్నగా ఉంటుంది. ముందు ట్రాక్ నంబరు చూపించే డిస్‌ప్లే ఉంది, ఇది లేనివి కొనకండి, టీవీ లేకుండా పెద్దవాళ్లు వాడలేరు. రిమోట్ బటన్లు మరీ చిన్నవి, ప్లే బటన్ మీద మా అమ్మాయి ఎర్ర స్టిక్కరు అంటించింది. ఆర్నెల్లలో ట్రే ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు.

ఒక లోపం మాత్రం డాక్ పెట్టినా పోలేదు, అది నన్ను రోజూ పొడుస్తూనే ఉంది. ఈ ప్లేయర్ ప్రతి ట్రాక్ చివర ఒక సెకను ఆగుతుంది. సినిమా పాటలకి ఏమీ కాదు, పాటకీ పాటకీ మధ్య ఎలాగూ ఖాళీ ఉంటుంది. కచేరీ సీడీల్లో మాత్రం రాగం ఆలాపన ఒక ట్రాక్, కీర్తన ఇంకో ట్రాక్, తనియావర్తనం మరొకటిగా కోసి ఉంటుంది, కానీ సంగీతం వాటి మీదుగా ఆగకుండా ప్రవహిస్తుంది. ఆలాపన చివర షడ్జం మీద నిలబడి, ఆ కార్వై, అంటే స్వరం సాగింపు, ఇంకా గాలిలో ఉండగానే ఇది టక్కున కోసేసి, సెకను చీకటి పెట్టి, మళ్లీ మొదలెడుతుంది. మొదటిసారి అలా జరిగినప్పుడు నాన్న ఉలిక్కిపడి కరెంటు పోయిందా అన్నారు. పాత ప్లేయర్ ఏ రోజూ ఇలా చేయలేదు. సెట్టింగుల్లో వెతికాను, దానికి మార్గం లేదు, ఈ చిప్పు డిస్కుని డీవీడీలా, ముక్కలుగా చూస్తుంది. కచేరీ సీడీలు మాత్రమే ఎక్కువగా ఉన్నవాళ్లు షాపులోనే ఈ ఒక్కటీ పరీక్షించుకుని తీసుకోండి, రెండో ట్రాక్ చివరి పది సెకన్లు వింటే తెలిసిపోతుంది.

మా దగ్గర అలాంటివి ఇరవై రెండు ఉన్నాయి. కంప్యూటర్‌లో ఒక్కో కచేరీని ఒకే ట్రాక్‌గా కలిపి ఖాళీ సీడీల్లోకి మళ్లీ రాస్తున్నాను, ఆదివారానికి ఒకటి చొప్పున. కావాల్సిన కీర్తనకి దూకడానికి వీలుండదు గానీ నాన్న ఎప్పుడూ మధ్యలోంచి వినరు. ఇప్పటికి తొమ్మిది అయ్యాయి, వాటి మీద స్కెచ్ పెన్నుతో రాగాల పేర్లు ఆయనే రాస్తున్నారు.